శాంపిల్ కోసం వచ్చినవాళ్ళు

బ్రేకులు లేని సైకిలు మీద, గోడలా వాలిన ట్రాకుపై రివ్వున దూసుకుపోయే ఆమెను ఊరంతా ముద్దుగా తూనీగ అంటారు. వచ్చే వారం ఊళ్ళో సన్మానం. నాలుగు మాటలు మాట్లాడక తప్పదు. ఆ ఉదయం అద్దం ముందు ఉపన్యాసం వల్లెవేసుకుని, తరవాత ప్రాక్టీసుకు వెళదామనుకుంది. రెండో వాక్యానికే గొంతు బొంగురుపోయింది.

అత్తగారు వేడినీళ్ళ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టారు. గటగటా తాగేసింది.

"అలమరలో సీసా ఉందే, దాంట్లోది రెండు చెంచాలు కలిపానమ్మాయ్. చూస్కో, గొంతెలా విచ్చుకుంటుందో!"

తూనీగ అలమర తెరిచింది. దగ్గుమందు సీసా. చీటీ మీద చిన్న అక్షరాల్లో, ఆటగాళ్ళు తాకకూడని మందు పేరు. జలుబు మాత్ర మింగిన పాపానికి తోటి రేసరొకతె పతకాలన్నీ తిరిగిచ్చేసి, మనుషులకు ముఖం చాటేసి బతకడం ఆమె కళ్ళారా చూసింది.

అంతలో కాలింగ్ బెల్ మోగింది. భర్త తలుపు తీశాడు. గుమ్మంలో, మెడలో కార్డులు వేలాడేసుకున్న ఇద్దరు మనుషులు.

"మేడమ్ ఉన్నారా? శాంపిల్ కావాలి."

నిషిద్ధ మందుల పరీక్షకు మూత్రం పట్టుకెళ్ళేవాళ్ళు ఇలాగే చెప్పాపెట్టకుండా ఊడిపడతారు. ఆ మాట చెవినపడగానే తూనీగ బాత్రూములో దూరి గడియ పెట్టుకుంది. ఆమె ముఖంలో నెత్తుటి చుక్క లేకపోవడం చూసిన భర్త, సంగతేమిటో తెలియకపోయినా ఆదుకోబోయాడు.

"లేదండీ, ఊరెళ్ళింది."

లోపల్నించి దగ్గు వినిపించింది.

"మరి దగ్గేదెవరు?"

"మా... పిల్లి."

లోపల కుళాయి తిరిగింది.

"స్నానం చేస్తోంది" అన్నాడు భర్త నీరసంగా.

"పర్లేదు, కూర్చుంటాం. శాంపిల్ లేకుండా వెళితే మా ఆఫీసరు తాట తీస్తాడు."

తూనీగ తలుపుకి చెవి ఆనించి అంతా వింది. దొరికితే ఒక తప్పు, దాక్కుంటే అంతకన్నా పెద్ద తప్పు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఇక ట్రాకు దగ్గర ఏ పిల్లా "తూనీగక్కా" అని పరిగెత్తుకు రాదు. చూపుడువేళ్ళే మిగులుతాయి. కుళాయి కట్టకుండా చాలాసేపు అక్కడే కూర్చుంది. చివరికి, రేసులో ఆఖరి చుట్టుకు బిగించినట్టే పళ్ళు బిగించి, బ్రష్షులు పెట్టుకునే గ్లాసు ఖాళీ చేసింది.

నిండిన గ్లాసుతో తలుపు తీసి, కళ్ళు మూసుకుని అరిచింది.

"ఇదిగోండి శాంపిల్! తాగిన మాట నిజమే, కానీ తెలీక తాగాను!"

కళ్ళు తెరిస్తే హాల్లో అత్తగారు, భర్త తప్ప ఎవరూ లేరు.

"వాళ్ళు వెళ్ళిపోయారమ్మాయ్" అన్నారు అత్తగారు. "ట్రాకు పక్కన కట్టిన గ్యాలరీకి నీ పేరు పెడుతున్నారట. రాతి మీద చెక్కడానికి సంతకం శాంపిల్ కావాలన్నారు. పిల్లి స్నానం ఎప్పటికయ్యేను? నీ బదులు నేనే పెట్టిచ్చేశా."

"మరి ఆ దగ్గుమందు?"

"మందెక్కడిదీ! అదెప్పుడో అయిపోతే, సీసా కడిగి తేనె పోసుకున్నా. అవునూ, ఆ గ్లాసులో ఏంటి?"

తూనీగ గిరుక్కున వెనక్కి తిరిగి మళ్ళీ గడియ పెట్టుకుంది.

ఇప్పుడా గ్యాలరీ ముందు ఫొటోలు దిగేవాళ్ళు రాతి మీది కోడిగీతల సంతకం చూసి, అంత వేగంగా తొక్కే మనిషి రాత ఇలా కాక ఎలా ఉంటుందని సరిపెట్టుకుంటున్నారు.