బకుల్ ఆరా గారి సమక్షంలో సంతాప సభ

సుప్రసిద్ధ చలనచిత్ర నటి బకుల్ ఆరా గారు బుధవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మరణించారు. ఆ సమయంలో ఆమె మొగ్‌బజార్‌లోని తమ మూడో అంతస్తు వంటింట్లో కూర్చుని పరిగె చేపలకు ఉప్పూ పసుపూ పట్టిస్తున్నారు.

వార్త మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఢాకా నగరంలో ఒక వార్తను నమ్మడానికి ఉండవలసిన లక్షణాలన్నీ దానికి ఉన్నాయి. ముందు ఒక పోర్టల్ ప్రకటించింది. దాన్ని చూసి ఇంకో పోర్టల్ విశ్వసనీయ వర్గాల పేరు చెప్పి రాసింది. ఆ రెండోదాన్ని చూసి మొదటిది వార్త ధ్రువపడిందని సంతోషించింది. తొమ్మిదిన్నరకల్లా నలభై వేలమంది ఫేస్‌బుక్‌లో కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళలో సగం మందికి ఆమె నిన్నటిదాకా బతికే ఉన్న సంగతి అప్పుడే తెలిసింది. అయినా ఏడవడంలో ఎవరూ లోటు చేయలేదు.

ఇంటికి ఆ కబురు తెచ్చింది మొర్జినా. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో వంటా వార్పూ చూస్తూ, నటిగారిని ఖాలా అని, అంటే పిన్ని అని పిలుస్తూ, తిట్టే హక్కు కూడా సంపాదించుకున్న మనిషి. ఫోను పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఖాలా, నువ్వు చచ్చిపోయావట."

"ఎప్పుడే?"

"ఇందాకే. గుండెపోటట."

"గుండెపోటేంటి? నాకున్నది షుగరు కదా!"

"అదీ రాశార్లే. దీర్ఘకాలంగా బాధపడుతూ, అని."

బకుల్ ఆరా గారు చేతులు కడుక్కున్నారు. ఏ కళాకారిణి అయినా అడగవలసిన ప్రశ్న అప్పుడడిగారు. "ఫొటో ఏది వేశారు?"

"నీదే. కాకపోతే గుండ్రంగా గీత గీసింది నీ పక్కనున్న హీరో చుట్టూ."

ఇక్కడ ఆమె జీవిత విశేషాలు నాలుగు చెప్పుకోవడం మర్యాద. చనిపోయినవారి విషయంలో మనం ఈ మర్యాద ఎప్పుడూ తప్పం. ఆమె పదిహేనో ఏట మైమెన్‌సింగ్ నుంచి వచ్చి కథానాయిక అయ్యారు. పక్కన కథానాయకుడు ఫరీద్ దీవాన్, ఆమెకన్నా మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ పదిహేడేళ్ళు పడవల మీదా ఆవచేలల్లోనూ పాడుకున్నారు. ఆమెకు ముప్ఫై రెండో ఏడు రాగానే ఒక నిర్మాత ఆమె పాపిట్లో తెల్లవెంట్రుక కనిపెట్టాడు. వెంటనే ఆమెను దీవాన్ గారికి వదినగా మార్చారు. ఏడాదిన్నర తిరక్కుండా తల్లిగా పదోన్నతి వచ్చింది. దీవాన్ గారు మాత్రం అప్పటికింకా కాలేజీలో చేరే ప్రయత్నంలోనే ఉన్నారు.

తనకన్నా మూడేళ్ళు పెద్దవాడైన ఆ కొడుకును ఆమె నలభై ఒక్క చిత్రాల్లో కని పెంచారు. మొదటి పావుగంటలో భర్త హత్యకు గురయ్యేవాడు. ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చునేవారు. చక్రం తిరుగుతూ ఉండగా పాట మొదలై, పాట అయ్యేసరికి పిల్లవాడు కాస్తా దీవాన్ గారై, "అమ్మా, నేను బి.ఏ.లో ఫస్టుక్లాసు ఫస్టు వచ్చాను!" అంటూ పరుగెత్తుకొచ్చేవాడు. ఆమె ఏడవాలి. పాయసం తినిపించాలి. చివర్లో కొడుకు కోసం పేల్చిన తూటాకు తాను అడ్డం పడాలి. మిగతా హీరోలకు తల్లిగా చేసినవీ కలుపుకుని, ఈ పద్ధతిలో వెరసి అరవై మూడుసార్లు మరణించి ఆమె దేశానికి ఎనలేని సేవ చేశారు.

ఆ తరవాత సినిమాల్లో తల్లులను రద్దు చేశారు. ఇప్పటి నాయకుడు నేరుగా ఫైటింగులోనే పుడతాడు. అంచేత బకుల్ ఆరా గారు పదిహేడేళ్ళుగా ఖాళీ. అయితే పరిశ్రమ ఆమెను మరిచిపోయిందని అంటే కళ్ళు పోతాయి. జీవిత సాఫల్య సత్కారాలు తొమ్మిది చేసింది. ప్రతి సత్కారానికీ గాజుతో చేసిన ఒక క్రెస్టు, అంటే జ్ఞాపిక, ఇచ్చింది. మా దేశంలో ప్రముఖులకు అన్నం లేని పూట ఉండవచ్చు గాని, క్రెస్టు లేని ఏడాది ఉండదు. బీరువా నిండిపోయాక మొర్జినా ఒకదాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా పెట్టింది. ఇంకోదాన్ని మామిడికాయ ఊరగాయ జాడీ మీద బరువుకు వాడుతోంది. దేశం ఇచ్చిన గౌరవం ఆ రకంగా నిత్యజీవితంలో ఉపయోగపడుతూనే ఉంది.

వేషం అడిగితే మాత్రం అక్కగారన్న గౌరవంతో ఆపా అంటూ అందరూ చెవులు పట్టుకునేవారు. "మీ స్థాయికి తగిన వేషం మా దగ్గరెక్కడుంది ఆపా! మీలాంటివాళ్ళని పిలిచి అవమానించమంటారా?" అనేవారు. ఆమెకు కావలసింది స్థాయి కాదు. మాటలున్న వేషం. రెండే రెండు వాక్యాలైనా ఫరవాలేదు. రోజూ భోజనాలయ్యాక మొర్జినాను విలన్‌గా నిలబెట్టి పాత సంభాషణలు చెప్పుకునేవారు. ఆ కోరిక ఆమెను లోపల్లోపల తినేస్తూ ఉండేది. ఈ కథలో నవ్వులాటకు చెప్పని మాట ఏదైనా ఉంటే ఇదొక్కటే.

పదింటికి ఇంకో ప్రకటన వచ్చింది. బకుల్ ఆరా గారి భౌతికకాయాన్ని మధ్యాహ్నం స్టూడియో ఆవరణలో అభిమానుల సందర్శనార్థం ఉంచుతారు. నిర్మాతలూ దర్శకులూ అందరూ వస్తారు.

"అందరూ వస్తారటే?" అన్నారు బకుల్ ఆరా గారు.

"రాక చస్తారా? టీవీవాళ్ళు వస్తుంటే."

"పదిహేడేళ్ళుగా ఒక్కొక్కడి గుమ్మం చుట్టూ తిరిగాను. ఇవాళ అంతా ఒకేచోట దొరుకుతున్నారు. నా తెల్ల జమ్‌దానీ చీర తియ్యి."

"చచ్చినదానివి, వేషం అడగడానికి పోతావా?"

"బతికుండగా అడిగితే ఏమిచ్చారు గనక?"

స్టూడియో గేటు దగ్గర కాపలావాడు రిక్షాను ఆపేశాడు. "ఇవాళ బయటివాళ్ళకి ప్రవేశం లేదు ఖాలా. బకుల్ ఆరా గారు పోయారు."

"నేనే బాబూ బకుల్ ఆరాని."

"పొద్దుట్నుంచీ ఆవిడ బంధువులే పద్నాలుగు మంది వచ్చారు. మీరు ఇంకో మెట్టు ఎక్కారన్నమాట. పాసుందా?"

అప్పుడు లోపలినుంచి మొఫిజ్ తరఫ్‌దార్ పరుగున వచ్చాడు. ఈయన కళాకారుల సంక్షేమ సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి. ఒకప్పుడు పేరుమోసిన ప్రతినాయకుడు. బకుల్ ఆరా గారిని పంతొమ్మిదిసార్లు తుపాకితో కాల్చిన అనుభవం ఉంది. సమాఖ్య ఎన్నికలు పదహారు రోజుల్లోకి వచ్చాయి. ఎదుటి ప్యానెల్‌వాళ్ళు ఊరి అవతలి పక్క వేరే సంతాప సభ పెట్టి, భౌతికకాయం తమ దగ్గరికే బయలుదేరిందని చాటుకుంటున్నారు. అంచేత ఆమెను చూడగానే మొఫిజ్ ముఖం చాటంతయింది.

"అమ్మయ్య! వచ్చారా ఆపా! బాడీ ఎక్కడా ఎక్కడా అని పొద్దుట్నుంచి ఒకటే హైరానా!"

"నేను బతికున్నాను మొఫిజ్."

"మీకేం ఆపా, నూరేళ్ళు! కానీ ఒక్క పావుగంట పడుకోండి. ముఖ్య అతిథిగారు రెండు గంటలుగా ఫార్మ్‌గేట్ దగ్గర ట్రాఫిక్ జామ్‌లో ఉన్నారు. అంత అవస్థపడి వచ్చిన పెద్దమనిషికి, ఆవిడ పోలేదండీ, వెళ్ళిరండి అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? నల్ల బ్యానర్లు కట్టించాను. బిర్యానీ పొట్లాలు వచ్చేశాయి. అవతలి ప్యానెల్ పగలబడి నవ్వదూ?"

బకుల్ ఆరా గారు ఆవరణలోకి చూశారు. పందిరి కింద మంచం, దానిమీద తెల్ల దుప్పటి, చుట్టూ రజనీగంధ దండలు. మంచానికి ఎదురుగా మూడు కెమెరాలు. పదిహేడేళ్ళ తరవాత ఆమె కెమెరాను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

"వేషం ఏంటి?" అని అడిగారు.

"టైటిల్ రోలే ఆపా!"

"మాటలున్నాయా?"

"మాటలు లేవు. కానీ ఫ్రేమంతా మీరే."

మౌల్వీగారిని కూడా పిలిపించారు. ఆయన దగ్గరికొచ్చి చూసి, "ఈమె ఊపిరి తీసుకుంటోందే!" అన్నాడు. "అది లోపలి ఏర్పాటు హుజూర్, మీరు కానివ్వండి," అన్నాడు మొఫిజ్. "బతికున్నవాళ్ళకి జనాజా నమాజు చదవమంటావా? బుద్ధుందా నీకు!" అని మౌల్వీగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అక్కడికి వచ్చిన మూడు వేలమందిలో కళ్ళతో చూసి మాట్లాడినవాడు ఆయనొక్కడే. వక్తల జాబితాలో ఆయన పేరు లేకపోవడం సబబే.

సభ ఘనంగా మొదలైంది. మొదట ఫరీద్ దీవాన్ గారు మాట్లాడారు. డెబ్బై ఏడేళ్ళ వయసులో నల్లటి జుట్టుతో, ప్రస్తుతం తీస్తున్న చిత్రంలో ఆఖరి సంవత్సరం పరీక్షలకు చదువుకుంటున్న ఆయన, మైకు ముందు వెక్కి వెక్కి ఏడ్చారు. "ఈ రోజుతో నేను తల్లి లేని పసివాణ్ణయ్యాను," అన్నారు. జనం గొల్లుమన్నారు.

తరవాత నిర్మాత షంషేర్ మజుందార్ లేచాడు. "ఎవరికీ తెలియని రహస్యం చెబుతున్నాను. వచ్చే నెల మొదలుపెట్టే చిత్రం బకుల్ ఆపా కోసమే రాయించాను. కథంతా ఒక ముసలావిడదే. ఎనభై పేజీల సంభాషణలు. ఆమెకు చెబుదామనుకునే లోపలే..." అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పక్కనున్న నిర్మాతకు ఇది భరించరానిదైంది. అతను మైకు లాక్కుని తాను నూట ఇరవై పేజీలు రాయించానని ప్రకటించాడు. మూడో ఆయన పేజీలు చెప్పలేదు గాని, ఆమె లేకపోతే ఇక సినిమాలే తీయనని శపథం చేశాడు.

దండల కింద బకుల్ ఆరా గారి గుండె దడదడలాడింది. అరవై మూడుసార్లు చనిపోయిన అనుభవం ఉండబట్టి గాని, లేకపోతే దుప్పటి కదిలిపోయేదే. ఎనభై పేజీలు! ఇన్నాళ్ళూ ఈ మహానుభావులు తన కోసం రాయిస్తూనే ఉన్నారు, చెప్పడానికి తీరిక దొరకలేదు, అంతే. ఆమెకు పట్టలేని సంతోషం కలిగింది. మూసిన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారాయి. ఒక కెమెరా అది పట్టుకుంది. భౌతికకాయం కూడా కంటతడి పెట్టిందని వ్యాఖ్యాత గద్గద స్వరంతో చెప్పాడు.

ఆఖర్న ముఖ్య అతిథిగారు జామ్ నుంచి బయటపడి వచ్చి మైకు అందుకున్నారు. "ప్రభుత్వ సహాయంతో తీసే పెద్ద చిత్రానికి కథానాయిక బకుల్ ఆరాయేనని ఈ ఉదయమే సంతకం చేశాను. ఏం లాభం? ఆమె ఈ రోజు బతికుంటేనా! ఈ క్షణం నా ముందుకొచ్చి అడిగితే, ఈ చేత్తోనే ఆ వేషం ఇచ్చేవాణ్ణి!"

బకుల్ ఆరా గారు దండలు తప్పించుకుని లేచి కూర్చున్నారు.

"నేను బతికే ఉన్నాను. ఆ వేషం నాకివ్వండి."

వెనక వరుసలదాకా వినిపించే గొంతు అది. మైకు అవసరం లేని తరం మనిషి. ఆవరణంతా తలలు అటు తిరిగాయి. ఆ తరవాత చప్పట్లు మొదలయ్యాయి. అవి మూడు నిమిషాలు ఆగలేదు. ముఖ్య అతిథిగారు అనేక సభలు చూసిన మనిషి కనక తొణకలేదు. "చూశారా! మృత్యువు కూడా ఈమె కళాతృష్ణను చల్లార్చలేకపోయింది!" అన్నారు. ఆ వెంటనే పదో క్రెస్టు ఆమె ఒళ్ళో పెట్టారు. దానిమీద మరణించిన తేదీ బంగారు అక్షరాలతో ఎంతో ముచ్చటగా చెక్కి ఉంది.

ఆమె షంషేర్ మజుందార్ చెయ్యి పట్టుకున్నారు. "ఆ ఎనభై పేజీలు ఎప్పుడు పంపిస్తావు నాయనా?"

అతను చెయ్యి విడిపించుకుంటూ అటూ ఇటూ చూశాడు. "అది మర్హూమా, కీర్తిశేషులు బకుల్ ఆరా గారి కోసం రాసింది ఆపా. బతికున్నవాళ్ళకి నప్పదు."

మొఫిజ్ పళ్ళు నూరుకుంటూ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "డైలాగులు లేవని ముందే చెప్పానా లేదా? సీనంతా చెడగొట్టారు! పడుకోండి ఆపా, ఇంకా ఇద్దరు విశేష అతిథులున్నారు."

బకుల్ ఆరా గారు ఒకసారి కెమెరా వైపు చూశారు. ఒకసారి జనం వైపు చూశారు. అరవై ఏళ్ళ క్రమశిక్షణ గల నటి. షాటు మధ్యలో లేచిపోవడం ఆమెకు చేతకాదు. పడుకున్నారు.

మర్నాడు విమర్శకులు ముక్తకంఠంతో రాశారు. ఇంతటి సహజ నటన గత ఇరవై ఏళ్ళలో తెరమీద రాలేదన్నారు. పదహారో రోజు ఎన్నికల్లో మొఫిజ్ ప్యానెల్ అఖండ విజయం సాధించింది. వారం తిరక్కుండా ఖుల్నా సాంస్కృతిక సంఘం నుంచి మనిషి వచ్చాడు. రాజధానివాళ్ళకేనా సంతాపం, మాకు మాత్రం దుఃఖం లేదా అన్నాడు. వెనకే సిల్హెట్, బొగురా, బరిశాల్ వాళ్ళు వచ్చారు. ఆమె అందరికీ ఒకే షరతు పెట్టారు. మాటలుంటేనే వస్తాను, లేకపోతే ఇంకొకర్ని పడుకోబెట్టుకోండి. సంఘాలవాళ్ళు తర్జనభర్జనలు పడి, చివరికి ఢాకాలో చెప్పిన రెండు వాక్యాలు యథాతథంగా మంజూరు చేశారు.

"పోనీలే, చెప్పుకోడానికి రెండు ముక్కలన్నా దొరికాయిగా," అంది మొర్జినా పెట్టె సర్దుతూ. తెల్ల జమ్‌దానీ చీరను మాత్రం రెండుసార్లు విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఇప్పుడు బకుల్ ఆరా గారికి తీరిక లేదు. రంజాను దాకా తేదీలన్నీ నిండిపోయాయి. ఊరూరా మంచం వేస్తారు, దండలు వేస్తారు, పెద్దలు మాట్లాడతారు. సమయం చూసి ఆమె లేచి కూర్చుని, కన్నీళ్ళతో, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని చెబుతారు: "నేను బతికే ఉన్నాను. ఆ వేషం నాకివ్వండి." ప్రతి ఊళ్ళోనూ చప్పట్లు మారుమోగుతాయి. ఆమెకు వేషం ఇవ్వాలని ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ ఎవరికీ తోచలేదు.

మొన్న బొగురాలో సభ ముగిశాక, మూడో వరుసలో కూర్చున్న పెద్దమనిషి ఒకరు కళ్ళు తుడుచుకుని, బిర్యానీ పొట్లం చంకలో పెట్టుకుంటూ, "అబ్బ, ఎంత నిజంగా చెప్పిందండీ ఆ మాట! బతికుండగా ఈవిడకో మంచి వేషం ఇచ్చి ఉండాల్సింది," అని నిట్టూర్చారు. చీకట్లో ముఖం సరిగ్గా కనిపించలేదు గాని, గొంతు అచ్చం మీ గొంతులాగే ఉంది.