బుల్లిరాజు గారింట్లో పరగడుపు రక్తం

ఎన్ని ప్రభుత్వాలు మారినా చెక్కుచెదరని పరిపాలనా వ్యవస్థ ఈ దేశంలో ఒక్కటే ఉంది. అది భీమవరం చుట్టుపక్కల మర్యాద. దీనికి ఆఫీసు లేదు, సెలవుల్లేవు, అప్పీలు అసలే లేదు.

2003లో డాక్టర్ దేవకుమారి ఇందులో చిక్కుకుంది. ముసలితనమూ దీర్ఘరోగాలూ జన్యువుల్లో ఎలా దిగివస్తాయో పరిశోధించడం ఆమె ఉద్యోగం. అందుకోసం రెండేళ్లుగా డెల్టాలో ఇల్లిల్లూ తిరుగుతోంది. చేపల చెరువుల రైతు బుల్లిరాజు గారింట్లో ఆయనతో సహా కొడుకులకీ కూతుళ్లకీ సుగరే. ఆయన తల్లి పాపాయమ్మ గారికి తొంభై దాటినా లేదు. ఎందుకు లేదో తేల్చాలంటే ఆవిడ పరగడుపు రక్తం ఒక్క గొట్టం కావాలి. శనివారంతో ప్రాజెక్టు గడువు సరి. అది దొరక్కపోతే పరిశోధన మూసేస్తారు.

సోమవారం పొద్దున్నే వెళ్లింది.

"రక్తం ఎక్కడికి పోద్దండి? ముందు టిఫిన్ చెయ్యండి," అన్నారు బుల్లిరాజు గారు.

(నిబంధన ఒకటి: అతిథి తినకముందు ఏ పనీ మొదలవదు.)

"నేను తింటానండి. అమ్మగారు మాత్రం ఏమీ తినకూడదు."

"మీరు తింటుంటే ఆవిడ చూస్తా కూర్చోవాలాండి? ఏం బావుంటదండి?"

(నిబంధన రెండు: అతిథి ఒంటరిగా తినరాదు. ఇంటి పెద్ద తోడు తినాలి.)

పెసరట్టు, ఉప్మా, పైన పూతరేకులు. పాపాయమ్మ గారు శ్రద్ధగా తోడు తిన్నారు. పరగడుపు అక్కడితో సరి.

మర్నాడు కోడి కూయకముందే వెళ్లింది. పొయ్యి అంతకుముందే వెలిగింది. ఆ మర్నాడు తినే వచ్చానంది. బయట తిన్నది ఇక్కడ చెల్లదన్నారు. గురువారం కాళ్లావేళ్లా పడింది. కాజాలు అదనంగా వచ్చాయి. శుక్రవారం నాడు ఇల్లాలి రక్తం గడప దాటకూడదన్నారు.

శనివారం వచ్చేసింది. ఈ వ్యవస్థలో టిఫిన్ నుంచి మినహాయింపు సుగరున్నవాళ్లకే ఉంది. (ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వాడుకున్న దాఖలా లేదు.)

"నాకు సుగరండి," అని అబద్ధమాడింది దేవకుమారి.

"అయ్యో, ముందే చెప్పొద్దాండి? ఎంతుంది?"

"చూపించుకోలేదండి."

"డాక్టరై ఉండి అదేంటండి? దుర్గా, ఆ మిషన్ ఇలా తేమ్మా."

కోడలు దుర్గాశ్రీ వేలు గుచ్చింది. రెండొందల నలభై. ఏమీ తినకుండానే.

హాల్లో ఉన్నవాళ్లంతా మెచ్చుకోలుగా చూశారు.

"మా పెద్దోడిక్కూడా ఇంతేనండి," అన్నారు బుల్లిరాజు గారు. "ఇంక మీరు మా మనిషేనండి."

దేవకుమారి ముందు పాపాయమ్మ గారు చెయ్యి చాపారు. "తొందరగా లాక్కో అమ్మా. ఆకలేస్తంది."

సాయంత్రానికి ల్యాబుకు రెండు గొట్టాలు అందాయి. మొదటిదాంట్లో సుగర్ ఎందుకు లేదో ఇంకా పరిశోధిస్తున్నారు. రెండోది దేవకుమారిదే; దాంట్లో ఎందుకుందో ఆమెకి తెలుసు. అయినా కారణం దగ్గర 'వంశపారంపర్యం' అని రాసింది. రెండేళ్లుగా టిఫిన్లు పెట్టినవాళ్ల పేర్లు రాయడం మర్యాద కాదు.