పాస్తాలో పడ్డ పళ్ళు

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో అతన్ని అందరూ మేస్త్రి అంటారు. మంగళ, గురువారాల్లో ఇంట్లో వంట కూడా అతనిదే. ఆ రోజుల్లో భార్య బ్యాంకు నుంచి ఆలస్యంగా వస్తుంది. అందుకని పొద్దున్నే ఇద్దరూ ఫ్రిజ్ ముందు నిలబడి రాత్రికి ఏం వండాలో తేల్చుకుంటారు. ఎంతసేపు నిలబడినా తేలేది పాస్తాయే.

"గవ్వల పాస్తా ఉంది, పాలున్నాయి, చీజ్ ఉంది. అరగంట కూడా పట్టదు," అంది భార్య, అద్దంలోకి చూస్తూ చెవికి కమ్మ పెట్టుకుంటూ. "ఉడికించిన నీళ్ళన్నీ పారబోసెయ్యకండి. ఓ గ్లాసుడు పక్కన పెట్టుకుంటే, సాస్ గట్టిపడ్డప్పుడు పోసుకోవచ్చు. గుర్తుంటుందా?"

"రోజూ మనుషుల నోళ్ళ కొలతలు గుర్తుపెట్టుకునేవాణ్ణి. గ్లాసుడు నీళ్ళు గుర్తుండవా?"

"మా బ్రాంచిలో ఆడిటర్ గారి తనిఖీకి ఇవాళే ఆఖరి రోజు. పొద్దుట్నుంచీ నా కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. అందుకే చెప్పిందే చెప్తున్నా."

బల్ల దగ్గర పాలలో బ్రెడ్డు నానబెట్టుకుంటున్న అత్తగారు తలెత్తారు. "కాస్త మెత్తగా ఉడికించండి అల్లుడుగారూ. మీరు చేసిచ్చిన పళ్ళు పెట్టుకుంటే దవడలు బిగుసుకుపోతున్నాయి. మాట కూడా రావడం లేదు."

"పళ్ళల్లో లోపం లేదత్తయ్యా. నోరే అలవాటు పడాలి."

ఆ మాట అతను మూడు నెలలుగా చెబుతూనే ఉన్నాడు. అత్తగారికే కాదు, రెండు వీధుల అవతల ఉండే రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా. ఆవిడ ఫిర్యాదు వేరు. పళ్ళు వదులుగా ఉన్నాయట, గట్టిగా మాట్లాడితే ఊడి ముందుకొస్తున్నాయట. ఆవిడకూ అదే జవాబు. కాకపోతే కాస్త వినయంగా చెప్పాడు. ల్యాబ్‌కు సగం పని పంపే పళ్ళ డాక్టరుగారికి ఆవిడ స్వయానా పెద్దమ్మ. మర్నాడు పొద్దున్న పాత విద్యార్థులు ఆవిడకు సన్మానం చేస్తున్నారు. వేదిక మీద తళతళలాడాలని సెట్టు పాలిష్‌కు ఇచ్చారు. సాయంత్రం ఇంటికి వెళ్తూ అందించేస్తానని మేస్త్రి మాటిచ్చాడు.

ల్యాబ్‌లో పని తెమిలేసరికి బాగా చీకటి పడింది. ముందు ఆవిడ ఇంటికి వెళ్తే మాటల్లో పెట్టి కదలనివ్వరు. అందుకని ముందు ఇంటికెళ్ళి, వంట ముగించి, ఒక్క పరుగున వెళ్ళి ఇచ్చి రావచ్చనుకున్నాడు. మేస్త్రి వేసే పథకాలన్నీ అనుకున్నప్పుడు బాగానే ఉంటాయి.

ఇంటికి రాగానే గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు. కట్టుడు పళ్ళు ఎండిపోకూడదు కాబట్టి, హెడ్‌మిస్ట్రెస్ గారి సెట్టును డబ్బాలోంచి తీసి, గ్లాసుడు నీళ్ళలో వేసి పొయ్యి పక్క గట్టు మీద ఉంచాడు. పాస్తా మరుగుతున్న నీళ్ళలో వేసి, బ్రెడ్డు ముక్కలకు వెన్న రాసి ఓవెన్‌లో పెట్టాడు. అప్పుడే భార్య ఫోన్ చేసింది. వంటింట్లో సరిగా వినపడదని హాల్లో కిటికీ దగ్గరకు వెళ్ళాడు.

"ఏవండీ, ఆడిటర్ గారిని భోజనానికి తీసుకొస్తున్నా."

"ఇవాళా? మనింటికా?"

"హోటల్ తిండికి విసిగిపోయారట పాపం. మా ఇంట్లో పాస్తా అని నోరుజారాను, ఆయన వెంటనే సరే అన్నారు. రిపోర్టు ఇంకా రాయలేదు, తిన్నాక రాస్తారట. మీకు దణ్ణం పెడతాను, బాగా వండండి."

అత్తగారు వంటింట్లోంచి వచ్చి, అల్లుడికేసి అదోలా చూసి, మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళిపోయారు. అతను ఆ చూపును పట్టించుకునే స్థితిలో లేడు. వంటింట్లోకి పరిగెత్తాడు. గిన్నె పొంగి పొయ్యంతా నురగ. గబగబా ఓ గ్లాసుడు నీళ్ళు తీసి గట్టు మీద పెట్టి, మిగిలినవి వార్చేశాడు. పాలూ చీజూ కలిపిన సాస్‌లో పాస్తా వేసి కలిపాడు. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. సాస్ ముద్దకట్టుకుపోతోంది. చేతికందిన గ్లాసు తీసి, అందులో ఉన్నదంతా గిన్నెలోకి ఒంపి, గిరగిరా తిప్పాడు.

తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు. గట్టు మీద ఇంకో గ్లాసు ఉంది. అందులో పాస్తా ఉడికిన తెల్లటి నీళ్ళు ఇంకా పొగలు కక్కుతున్నాయి. చేతిలో ఉన్న గ్లాసును వంచి చూశాడు. చుక్క నీళ్ళు లేవు. పళ్ళు అసలే లేవు.

అంటే పళ్ళు గిన్నెలో పడ్డాయి. పొయ్యి ఆపేశాడు. ఆ వేడికి ప్లాస్టిక్ చిగుళ్ళు వంకర తిరుగుతాయని అతనికంటే బాగా తెలిసినవాడు ఆ వీధిలో లేడు. వంకర తిరిగిన పళ్ళతో పెద్దమ్మగారు వేదికెక్కితే డాక్టరుగారు ఊరుకుంటారా? ల్యాబ్‌కు పని వస్తుందా? గరిటె వేసి దేవాడు. తెల్లటి సాస్‌లో తెల్లటి గవ్వలు. గరిటెకు తగిలినదల్లా పన్నే అనిపిస్తోంది. తీసి చూస్తే పాస్తా. మళ్ళీ దేవాడు. మళ్ళీ పాస్తా. దేవినకొద్దీ గవ్వలు చితికి ముద్దవుతున్నాయి.

అప్పుడే గంట మోగింది. తలుపు తీస్తే ఎదురుగా హెడ్‌మిస్ట్రెస్ గారు, మూతికి అడ్డంగా స్కార్ఫ్ కట్టుకుని.

"నా హెట్టు ఏదయ్యా? రేపు హభ పొద్దున్నే!"

"అ... ఆరుతోంది మేడమ్. పాలిష్ ఇంకా ఆరుతోంది."

"ఇంట్లోనా?"

"ఇంట్లో అయితే... బాగా ఆరుతుంది మేడమ్."

ఆవిడ ఇంకో ప్రశ్న వేసేలోపే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. భార్య, ఆమె వెనక సన్నగా పొడుగ్గా ఆడిటర్ గారు. భార్య గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ గారిని చూసి మొహమాటానికి, "మీరూ మాతో నాలుగు ముద్దలు తినండి మేడమ్," అంది. పళ్ళు లేకుండా తాను ఏమీ తినలేనని ఆవిడ సైగ చేశారు. భార్య వంటింట్లోకి తొంగిచూసి, గిన్నెలో ఉన్నదాన్ని గుర్తుపట్టడానికి క్షణం తీసుకుని, "దీన్ని నమలక్కర్లేదు మేడమ్, మింగేయొచ్చు," అని అందరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

మేస్త్రి ఆమెను వంటింట్లోకి లాగి చెవిలో సంగతి చెప్పాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆడిటర్ గారి ప్లేట్లో తేలితే?"

"అరవకు. ఇప్పటికి నాలుగుసార్లు దేవాను, దొరకలేదు."

"అయితే వడ్డించకండి!"

"తిండి లేదని చెప్పి పంపిస్తావా ఆయన్ని?"

వడ్డన మొదలైంది. మేస్త్రి ఒక్కో గరిటెను దీపం కిందకు పట్టి, అటూ ఇటూ ఒంచి చూసి, ప్లేటులో వేసి, చెంచాతో పల్చగా పరిచి మరీ అందించాడు. ఆడిటర్ గారు చేతులు కట్టుకుని అదంతా గమనించారు.

"ప్రతి గరిటె రెండుసార్లు తనిఖీ చేస్తున్నారు," అన్నారు. "మంచి పద్ధతి. దేనికోసం?"

"ఉండలు కట్టిందేమోనని సార్."

"ఏ సైజు ఉండ?"

మేస్త్రి చటుక్కున తర్వాతి ప్లేటు అందుకున్నాడు. భార్య ఎవరూ అడక్కుండానే అందరికీ మంచినీళ్ళు పోసింది. మేస్త్రి తన గ్లాసును దూరంగా జరిపాడు. అత్తగారు వచ్చి పెదాలు బిగించుకుని కూర్చున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు స్కార్ఫ్ చాటుగా ఒక చెంచా మింగి, కళ్ళు మూసుకున్నారు.

"ఏమైంది మేడమ్? ఏమైనా తగిలిందా?" మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"హుఖంగా ఉందయ్యా. కూర్చో."

అతను కూర్చోలేదు. ఎవరు చెంచా ఎత్తితే వాళ్ళ వైపు ఒంగి చూస్తూ బల్ల చుట్టూ తిరిగాడు. ఆడిటర్ గారి చెంచా నోటి దగ్గర ఒక్క క్షణం ఆగితే చాలు, భార్య ఊపిరి ఆగిపోయేది. ఇంతలో ఓవెన్‌లోంచి మాడు వాసన వచ్చింది. బ్రెడ్డు సంగతే మేస్త్రి మరిచిపోయాడు. భార్య తెచ్చి పెట్టేసరికి ముక్కలు ఇటుకల్లా ఉన్నాయి. ఆడిటర్ గారు ఒక ముక్కను కొరకబోయి, ఆలోచించి, మళ్ళీ పళ్ళెంలో పెట్టేశారు.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. కరకరా, కరకరా.

అందరూ తిరిగి చూశారు. అత్తగారు మాడిన బ్రెడ్డు ముక్కను మొదలంటా కొరికి, తీరిగ్గా నములుతున్నారు. మింగి, నిండుగా నవ్వారు.

"పైకి ఒప్పుకోకపోయినా నా సెట్టు బాగుచేసి గ్లాసులో పెట్టారుగా అల్లుడుగారూ! మీరు ఫోన్‌లో ఉన్నప్పుడు చూసి పెట్టేసుకున్నా. అచ్చు సొంత పళ్ళలాగే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎందుకు ఏడిపించారు మరి?"

గిన్నెలో పళ్ళు లేవన్న సంతోషంతో మేస్త్రికి కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

"ఆ నవ్వు నాది!" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు, చెంచా కిందపెట్టి.

తర్వాత జరిగినదాన్ని ఎవరూ ఆపలేకపోయారు. అత్తగారు ససేమిరా తియ్యనన్నారు. "నా నోటికి ఇంత బాగా కుదిరినవి వీరివెలా అవుతాయి?" అని అడిగారు. ఆ ప్రశ్న మేస్త్రి చెవిలో గంటలా మోగింది. ఇద్దరి సెట్లూ ఒకే వారంలో తయారయ్యాయి. ఒకరికి బిగుతు, ఒకరికి వదులు. అతను అత్తగారి గదిలోకి వెళ్ళి, ఆవిడ బిగుతని సొరుగులో పడేసిన సెట్టు తెచ్చి, శుభ్రంగా కడిగి, హెడ్‌మిస్ట్రెస్ గారి చేతిలో పెట్టాడు. ఆవిడ అటు తిరిగి అమర్చుకుని, ఇటు తిరిగారు.

"సభ," అన్నారు. "సన్మానం. సరస్సు. శషసలు!" పళ్ళు వీసమెత్తు కదల్లేదు.

బల్ల దగ్గర అందరూ మేస్త్రి వైపు చూశారు. రేపు పొద్దున్నకల్లా సంగతి డాక్టరుగారి చెవిన పడుతుందని అతనికి అర్థమైంది.

"మూడు నెలలు, నీ మాటా మా డాక్టరు మాటా నమ్మి నా నోటిదే తప్పనుకున్నాను," అన్నారు ఆవిడ. "లేచి నిలబడు."

అతను నిలబడే ఉన్నాడు. ఇంకాస్త నిటారుగా నిలబడ్డాడు.

"నోటి తప్పు లేదు, పళ్ళే తారుమారు చేశాను. అను."

"నోటి తప్పు లేదు మేడమ్. పళ్ళే తారుమారు చేశాను."

"అత్తగారికి కూడా చెప్పు."

అత్తగారికి కూడా చెప్పాడు. ఆవిడ ఇంకో బ్రెడ్డు ముక్క అందుకుంటూ తలూపారు.

"సరే, కూర్చో. మావాడికి నేను చెప్పను. చెప్తే వాడు నీ బదులు ఇంకొకణ్ణి పెడతాడు, ఆ వచ్చినవాడు మళ్ళీ నా నోటిని మొదట్నుంచీ కొలుస్తాడు. నాకా ఓపిక లేదు. ఇంకాస్త వడ్డించు."

భార్య ధైర్యం తెచ్చుకుని ఆడిటర్ గారి వైపు తిరిగింది. "సార్... మా బ్రాంచి రిపోర్టు..."

"మీ దగ్గర ఎవరి పళ్ళు వాళ్ళ నోట్లోనే ఉన్నాయి," అన్నారు ఆయన, ప్లేటు ముందుకు జరుపుతూ. "నాకూ ఇంకో గరిటె. తనిఖీ అక్కర్లేదు."

పళ్ళు కుదిరాయన్న ఉత్సాహంలో ఇద్దరు పెద్దావిడలూ రెండేసి సార్లు మారు అడిగారు. పొద్దుట్నుంచీ పస్తు ఉన్న భార్య తృప్తిగా తింది. వెళ్తూ వెళ్తూ హెడ్‌మిస్ట్రెస్ గారు సభకు ముందు తినడానికని ఓ డబ్బాలో పెట్టించుకున్నారు. అందరినీ సాగనంపి వచ్చాక మేస్త్రికి ఆకలి గుర్తొచ్చింది. చెంచా తీసుకుని గిన్నె అడుగుదాకా గీకి చూశాడు.

పళ్ళూ లేవు, పాస్తా కూడా లేదు.