వతన్ పోయిన బక్కయ్య

ఆ పొద్దున బక్కయ్య పెట్టుకున్న పని ఒక్కటే. సంచి పట్టుకొని సూరత్‌లోని ఉన్ అనే పేట చౌరస్తాలో వేసిన టెంటుకు పోవాలి, రేషన్ కిట్ తెచ్చుకోవాలి, ఇంత అన్నం వండుకోవాలి. లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగి రెండు నెలలు. భార్య పోశమ్మ అంతకు ముందే చెల్లెలి కాన్పుకని జగిత్యాల దగ్గరి సొంతూరికి పోయి, అక్కడే చిక్కుకుంది. ఆమె చేతి పచ్చిపులుసును తలచుకుంటూ బక్కయ్య వారం రోజులుగా బిస్కెట్లు నములుతున్నాడు.

టెంటులో పేర్లు చూసే పిల్ల ఊర్మిళ. మనవాళ్ళ పిల్లే, సూరత్‌లో పుట్టి పెరిగింది.

"కాకా, బక్కయ్య వతన్ చలా గయా, సొంతూరికి పోయిండు. ఊరి రైలు లిస్టుల పేరుంది. పోయెటోళ్లకు ఇక్కడ రేషన్ బంద్."

"రైలే రాలేదు గదనే బిడ్డా! పేరు రాసిచ్చిన, గంతే. నీ ముంగట్నే నిలబడ్డ గద!"

"మీరున్నరు కాకా. లిస్టుల లేరు."

ఇరవై ఆరేళ్ళుగా సూరత్‌లో ఏ కాగితం మీదా ఎక్కని పేరు, పోతానన్న కాగితం మీద మాత్రం చక్కగా ఎక్కింది.

ఆకలికి తెలివి పుట్టింది. చొక్కా మార్చి, మాస్కు కళ్ళదాకా లాగి, బక్కయ్య మళ్ళీ వరుసలో నిలబడ్డాడు.

"నేను బక్కయ్య అన్నను, వెంకటయ్యను. వాని రూముల ఉంటున్న."

"ఎప్పుడొచ్చిండ్రు?"

నిజంలా ఉండాలని, "నిన్ననే. ఊరికెళ్లి లారీల వచ్చిన," అన్నాడు.

వెనకున్న వరుస మొత్తం చెదిరిపోయింది. గంటలో దవాఖానా వాళ్ళు వచ్చి గది తలుపుకు కాగితం అంటించారు: వెంకటయ్య, పద్నాలుగు రోజులు బయటికి రాకూడదు. అయితే అలాంటి వాళ్ళకు రెండు పూటలా గుమ్మంలోకే ఖిచిడీ పంపుతారట. ఉన్నవాడికి దొరకని తిండి లేనివాడికి దొరికింది.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "బక్కయ్యా? సాయంత్రం రైలు. సామాను తీస్కొని రా."

పోశమ్మకని దాచిన చీర సంచిలో పెట్టుకొని మెట్లు దిగాడు. కింద పక్కగది రఘుపతి కర్రతో నిలబడి ఉన్నాడు.

"ఎటు పోతున్నవ్, వెంకటన్నా?"

"నేను బక్కయ్యనురా!"

"నాకెరుకనే బావా. తలుపు మీది కాగితానికి ఎరుక లేదు. నువ్వు గడప దాటితే బిల్డింగంతా సీల్ చేస్తరు. లోపలికి పో."

రైలు వెళ్ళిపోయింది. మూడో రోజు పోశమ్మ ఫోన్ చేసింది.

"లిస్టుల నీ పేరుకు రైలెక్కినట్టు టిక్కుందట. వచ్చినవని పంచాయితీ కాడ మైకుల చదివిండ్రు. ఉరికిన. అందరికీ మాస్కులే. ఒక్కొక్కని నడక చూసిన. నీ నడక లేదు."

"రాలేకపోయిన పోశా. సర్పంచ్‌కు చెప్పు..."

"జర మెల్లగ మాట్లాడు! సూరత్‌ల ఉంటున్నవని రేషన్ డీలర్ నీ పేరు కొట్టేసిండు గద? వచ్చినవని మళ్ల రాసిండు. నీ బియ్యం తెచ్చిన. మన తలుపుకు గూడ కాగితం అంటించిండ్రు: బక్కయ్య, పద్నాలుగు రోజులు. లోపల పండుకున్నడని చెప్తున్న. రాలేదని ఎవ్వనితో అనకు."

"వండినవా?"

"పచ్చిపులుసు చేసిన. ఎవరన్నా తొంగి చూస్తరని రెండు పళ్ళేలు పెట్టిన."

గుమ్మంలో ఎవరో అరిచారు. "వెంకటయ్యా, ఖిచిడీ!"

ఆ పూట ఊళ్ళో బక్కయ్య పచ్చిపులుసు అన్నం తిన్నాడు. సూరత్‌లో వెంకటయ్య ఖిచిడీ తిన్నాడు.