నూట అరవై మూడు చప్పుళ్లు

‘పోగు’ అనే పాటల ఆల్బమ్ మంగళవారం ఉదయం పదకొండు గంటలకు విడుదలైంది. పదకొండు గంటల ఒక నిమిషానికి సిరిసిల్లలోని ఒక వాడ నుంచి నూట అరవై మూడు చప్పుళ్లు ఆల్బమ్ తెచ్చిన కంపెనీకి బదిలీ అయ్యాయి. మగ్గాలు ఆగలేదు, వాటి చప్పుడు మాత్రమే ఆగింది. కుక్కరు మీద విజిల్ లేచి, ఆవిరి వదిలి, మర్యాదగా కూర్చుంది. అంతా ఒప్పందంలో రాసుకున్నట్టే జరిగింది కనుక ఎవరూ ఇళ్లలోంచి బయటికొచ్చి చూడలేదు.

ఆల్బమ్ చేసింది ‘కండె గ్యాంగ్’. గ్యాంగ్ అంటే ఇద్దరే. చిలుక అనుదీప్ ల్యాప్‌టాప్ మీద బీట్ కడతాడు, పక్కింటి బూర హర్షిత దాని మీద మాటలు ఉరికిస్తుంది. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. అనుదీప్ వాళ్ల నాన్న రాజేశం నడిపే నాలుగు సాంచెల చప్పుడును ఫోన్‌లో పట్టి, దాని కింద గుండెలు అదిరే బేస్ పరిచి, మూడేళ్లుగా ఇద్దరూ పాటలు ఊరికే ఇంటర్నెట్‌లో పెడుతూ వచ్చారు. అన్నాళ్లూ చప్పుళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. హైదరాబాదులోని మహానాదం కంపెనీ ఈ ఇద్దరి మొదటి పెద్ద ఆల్బమ్‌కు ఒప్పుకున్నాకే వ్యవహారం పద్ధతి ప్రకారం నడిచింది.

పద్ధతి చాలా సులువు. ఫోన్‌లో ఉన్నది నకలు, పెద్ద కంపెనీ ఆల్బమ్‌లో ఉన్నది అసలు. అసలు ఒక్కచోటే ఉండాలి. ఒకే ప్లాటును ఇద్దరికి రిజిస్టర్ చేసిన ఘనత మన దేశానికి ఉన్నా, చప్పుళ్ల విషయంలో కంపెనీ అలాంటి పొరపాట్లు చేయదు. కళాకారుల గొంతులను మాత్రం ప్రచారం నిమిత్తం వాళ్ల దగ్గరే ఉంచుతారు.

పొరపాటు జరిగింది వాడ వైపు నుంచే. ఆల్బమ్‌లో వాడిన చప్పుళ్ల పేర్లు పది వరుసల్లో రాసి పంపమని కంపెనీ ఒక కాగితం పంపింది. దాన్ని వాడలో అందరూ పెళ్లిపత్రిక లాగే చూశారు. పెళ్లిపత్రికలో ఒక్క మేనమామ పేరు తప్పినా మూడు తరాలు మాటలుండవని వాళ్లకు తెలుసు. అందుకని సాంచెల పేరు రాయగానే కొమురవ్వ చీపురు పేరు రాయాల్సి వచ్చింది, చీపురు రాశాక ఎదురింటి నీళ్ల మోటారును వదిలితే బాగుండదు. హర్షిత తాత నర్సయ్య తన దగ్గు పేరు మోటారు కంటే పైన ఉండాలని రెండు రోజులు అన్నం ముట్టలేదు. షెడ్డు యజమాని కనకయ్య సేటు తుమ్మును పెద్దమనిషి తుమ్ము కనుక మూడో వరుసలో పెట్టారు. పేర్లు రాశాక పాటల్లో వాటికి చోటివ్వక తప్పదు, కాబట్టి అనుదీప్ అన్నిటినీ తలా ఒక క్షణం ఇరికించాడు. మొదటి వరుసలో మాత్రం ఎవరూ పేచీ పెట్టలేదు: ‘రాజేశం, నాలుగు సాంచెలు’.

నాలుగు పేజీల జాబితా అందుకున్న కంపెనీ, ఇంత నిజాయితీగా ఆస్తి వివరాలు ఇచ్చిన బృందాన్ని ఇంతవరకు చూడలేదని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఉత్తరానికి ఫ్రేము కట్టించారు.

విడుదలకు వారం ముందు ధ్వని బదిలీ అధికారిణి సుధారాణి గారు కారులో వచ్చి ఇంటింటికీ తిరిగారు. చప్పుడు ఒక్కసారి చేయించి, విని, రసీదు చింపి చేతికిచ్చారు. నర్సయ్య తాత అడిగినదానికంటే నాలుగుసార్లు ఎక్కువ దగ్గాడు.

"ఒక్కసారి చాలండీ," అన్నారామె.

"ఉంచుండ్రి మేడం, ఎన్కకు అక్కరకొస్తయ్," అన్నాడు తాత.

బదిలీ అయిన తరువాత వాడ చాలా అందంగా తయారైంది. షెడ్లలో మధ్యాహ్నపు ఎండ రేకుల సందుల్లోంచి పడుతుంటే, దూది నుసి ఆ వెలుగులో తేలుతూ, ఎక్కడా దిగాలని తొందర లేనట్టు ఉండేది. అడ్డపోగును మోసే నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నీళ్లలో చేపలా పోయేది. మనుషులు మెల్లగా నడవసాగారు. బిందె జారి పడ్డా నిద్రలో పడినట్టే పడేది. కనకయ్య సేటు తుమ్మితే కండెలకు నూలు చుట్టేవాళ్లు ఉలిక్కిపడటం మానేశారు. ఆయన పరపతి కొంత తగ్గిందన్న మాట నిజమే.

ఎవరికీ బాధ లేదు. ఉన్నదల్లా గర్వమే. "మా మోటరు బొంబాయిల మోగుతున్నదట," అని చెప్పుకున్నారు. నర్సయ్య తాత చప్పుడు లేకుండా దగ్గి, మూడో పాటలో రెండు నిమిషాల పద్నాలుగో సెకను వినమని ఎదుటివాళ్లకు వేలితో చూపించేవాడు. పాపం, ఇబ్బంది పడింది వాసం మల్లేశం ఒక్కడే. జాబితా రాసేనాడు అతడు ఊళ్లో లేడు. వాడ మొత్తంలో అతడి ఇనుప గేటు ఒక్కటే ఇంకా కిర్రుమనేది. ఎవరైనా వింటారేమోనని అతడు గేటుకు నూనె పెట్టాడు, అయినా కిర్రుమంటే గేటు తీయడమే మానేసి గోడ దూకి వెళ్లసాగాడు.

కష్టం వచ్చింది రాజేశానికి. ముప్పై ఏళ్లుగా నాలుగు సాంచెలను ఆయన కళ్లతో నడపలేదు, చెవులతో నడిపాడు. నాలుగింటికి మధ్యలో నిలబడి, ఏ పోగు తెగినా ఆ సాంచె మాటలో వచ్చే తేడాను పట్టి, అటు తిరిగేలోపే వేళ్లు ముడి వేసేవి. ఆ చెవి ఆయన ఆస్తి. ఇప్పుడు ఒకదాన్ని చూస్తుంటే వెనక ఇంకొకటి తెగేది. వరుసగా మూడు తానులు సన్నటి గీతలతో, ఖాళీలతో దిగాయి.

కనకయ్య సేటు మూడో తానును వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. అవతలి గోడ మీది క్యాలెండరు కనిపించింది.

"రాజేశం, నిన్ను ఇన్నేండ్ల సంది ఒక్క మాట అనలే. ఇంకో తాను గిట్ల దిగితే సాంచెలు వేరేటోనికి ఇచ్చుడే," అన్నాడు.

రాజేశం తల ఊపాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు. అది చూసి అనుదీప్‌కు ఏడుపొచ్చింది. బాపు దగ్గర నుంచి తాను తీసుకున్నది పాట కాదని, చెవి అని అతడికి అప్పుడే అర్థమైంది. హర్షితతో చెప్తే ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆల్బం పోతె పోనీ, మల్ల చేస్కుందం. మీ బాపు సాంచెలు పోతె ఆయన ఏమైతడు? పోయి ఎన్కకు తీస్కరా పో," అంది.

మర్నాడు అనుదీప్ బస్సెక్కి హైదరాబాదు వెళ్లాడు. మహానాదం కంపెనీ నాలుగో అంతస్తులో పొడుగాటి వరండా, రెండు వైపులా నంబర్లు వేసిన తలుపులు ఉన్నాయి. ఏ తలుపు దగ్గర చెవి పెట్టినా తెలిసిన చప్పుడే. కొమురవ్వ చీపురు ఒక గదిలో ఎవరూ లేని నేలను ఊడుస్తూనే ఉంది. ఒకటో నంబరు తలుపు ముందు అతడి కాళ్లు వాటంతటవే నిలబడిపోయాయి. లోపల నాలుగు సాంచెలు నడుస్తున్నాయి. తలుపు తీస్తే బాపు అటు తిరిగి నిలబడి ఉంటాడనిపించింది.

సుధారాణి గారు అతణ్ని గుర్తుపట్టి మజ్జిగ తెప్పించారు.

"మీ దగ్గరున్నప్పటికంటే అదిప్పుడు బాగుంటుంది బాబూ. మధ్యమధ్యలో చిన్న చిన్న తేడాలు వినిపించేవి. మా ఇంజనీర్లు అవన్నీ తీసేశారు."

"అవి తేడాలు కావు మేడం. పోగు తెగితే గట్ల ఇనవడ్తది. మా బాపు అది ఇనే ఉరుకుతడు."

"అయ్యో, అవునా?" అన్నారామె నొచ్చుకుంటూ. "పోనీలెండి, ఇక ఉరకక్కర్లేదుగా."

ఆమె చెడ్డమనిషి కాదు. వాపసు ఫారం ఎక్కడుందో తానే వెతికి ఇచ్చారు. అది నింపితే ఆల్బమ్ రద్దవుతుంది, నూట అరవై మూడు చప్పుళ్లూ సాయంత్రంలోగా ఇళ్లకు చేరతాయి. అందరి సంతకాలూ అక్కర్లేదు, జాబితాలో మొదటి పేరు గలవారి సంతకం ఒక్కటి చాలు. వెళ్లేటప్పుడు ఆమె ఇంకొక కార్డు కూడా చేతిలో పెట్టారు. చప్పుడు ఇచ్చినవారు తమ చప్పుడును జీవితాంతం ఫోన్‌లో ఉచితంగా వినవచ్చట. అది కంపెనీ ఆనవాయితీ.

సిరిసిల్లలో దిగి అనుదీప్ నేరుగా షెడ్డుకు నడిచాడు. రాజేశం నాలుగు సాంచెల మధ్య గుండ్రంగా తిరుగుతున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాలుగో తాను దాదాపు పూర్తిగా దిగింది.

"బాపు, దీని మీద సంతకం పెట్టు. నీ చప్పుడు నీకొస్తది," అన్నాడు అనుదీప్.

"మరి నీ పాటలు?"

"పోతయ్. పోనీ."

రాజేశం ఫారం తీసుకోలేదు. "గా రెండోది ఏంది?" అని కార్డు చూపించాడు. కొడుకు చెప్పాడు. "ఒక్కసారి ఇనిపియ్. ఎట్లున్నదో చూస్త," అన్నాడు.

అనుదీప్ తన ఫోన్‌కు ఇయర్‌ఫోన్ తీగ తగిలించి తండ్రి చెవుల్లో పెట్టాడు. మొదట రాజేశం ఉలిక్కిపడి నాలుగు వైపులా చూశాడు. తరువాత ఆయన భుజాలు దిగాయి. గుండ్రంగా తిరగడం ఆపి, పాత చోట, నాలుగింటికి నడుమ నిలబడి కళ్లు మూసుకున్నాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండటం కొడుకు ఎన్నడూ చూడలేదు.

రెండో సాంచె మీద పోగు తెగింది. అనుదీప్ ఉరికి ముడి వేశాడు. నాలుగోదాని మీద రెండు తెగాయి.

"బాపు, తెగినయ్!" అని అరిచాడు.

"లేదు బిడ్డా," అన్నాడు రాజేశం కళ్లు తెరవకుండా. "ఇందుల పోగు తెగుతలేదు. మస్తు సాఫుగ నడుస్తున్నది."

"సంతకం పెట్టు బాపు. సేటు అస్తడు."

"ముప్పై ఏండ్లు ఉరికిన రా. ఒక్క పూట నిలవడనియ్."

అప్పుడే కనకయ్య సేటు వచ్చాడు. సాంచెలు ఇంకెవరికి ఇవ్వాలో కూడా ఆయన ఖాయం చేసుకుని వచ్చాడు. తానును చేతిలోకి తీసుకున్నాడు. అందులో గుప్పెడు పట్టేంత ఖాళీలున్నాయి. రాజేశం నవ్వుతూ ఒక చెవి తీగ తీసి ఆయనకిచ్చాడు. సేటు విన్నాడు. చాలాసేపు విన్నాడు. మధ్యలో తుమ్మాడు, అదీ వినపడలేదు.

"సాంచెలు గింత మంచిగ నడుస్తుంటె బట్ట కరాబు ఎట్లైతది?" అన్నాడు చివరికి. "పంపుండ్రి. కొనేటోళ్లకు గూడ ఈ పాట పంపుతె సరిపాయె."

ఆ తాను ఆ సాయంత్రమే లారీకి ఎక్కింది. కొన్నవాళ్ల దగ్గర నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. పైగా ఇంకో ఇరవై తానులకు ఆర్డరు వచ్చింది.

సేటు వెళ్లిపోయాక షెడ్డులో తండ్రీకొడుకులు మిగిలారు. ఎండలో నుసి తేలుతోంది. ఒకటో సాంచె మీద తెగింది, మూడోదాని మీద తెగింది, అనుదీప్ ఉరికి ఒకటి ముడేసేసరికి ఇంకో మూడు తెగాయి. అతడి వేళ్లకు బాపు వేళ్ల వేగం లేదు. చెమటలు కారిపోతున్నాయి.

"ఎందుకురా గట్ల ఉరుకుతవ్?" అన్నాడు రాజేశం జాలిగా. సేటు వదిలి వెళ్లిన రెండో తీగ ఆయన భుజం మీద వేలాడుతోంది. దాన్ని తుడిచి కొడుకు వైపు చాపాడు. "ఇటు రా. నువ్వు చేసిన పాటనే గద."

అనుదీప్ ఫారం వైపు చూశాడు, తెగిన పోగుల వైపు చూశాడు. ఊపిరి తీసుకోవడానికి ఒక్క నిమిషం అనుకుని, వచ్చి తండ్రి పక్కన నిలబడి తీగను చెవిలో పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆ షెడ్డులో ఒక్క పోగు కూడా తెగలేదు.