‘చ’ పలకని దవడ

మనిషి నోట్లో దవడ మనిషిదేనన్న అపోహ 1967లో ఆమదాలవలస దగ్గరి ఒక చిన్న కోర్టులో శాశ్వతంగా తొలగిపోయింది.

ఆ కోర్టులో కక్షిదారుల పేర్లు మూడేసిసార్లు కేకవేసే బంట్రోతు కూర్మయ్య. కింది దవడ కాస్త ముందుకుండేది. అయినా అతను కేకేస్తే రైలు స్టేషన్లో కునికేవాళ్లు కూడా లేచొచ్చి హాజరయ్యేవారు (ఒక్కోసారి కేసు లేనివాళ్లు కూడా). కొత్తగా బదిలీ మీద వచ్చిన జడ్జిగారు, పొలం దావా వేసిన చినబాబును అతను “సినబాబూ!” అని పిలవడం విన్నారు. లోపం దవడదేనని తేల్చారు. బాగుచేయించుకుని ధ్రువపత్రం తెస్తేనే ఉద్యోగమన్నారు.

పట్నంలో దవడల డాక్టరు వేంకటాచలంగారు మద్రాసులో చదివినవారు. వారి నిబంధన ప్రకారం దవడ బాగుపడాలంటే ముందు పాడవ్వాలి. ఏడాదిపాటు తీగలు బిగించి, వంకరను కప్పిపుచ్చుతున్న పళ్లను నిటారుగా నిలబెట్టారు. దవడ మరింత ముందుకొచ్చినట్టు కనబడింది (దీన్ని చీటీలో ‘గుణము’ అని రాశారు). తర్వాత ఎముక కోసి వెనక్కి జరిపి, రెండు దవడలూ కలిపి ఆరు వారాలు కట్టేశారు. కూర్మయ్య గంజి పీల్చుకుని బతికాడు. పళ్లు కుదురుకోవడానికి మళ్లీ ఆరునెలల తీగలు.

చివరికి అద్దంలో చూసుకుని సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. డాక్టరుగారు కొలిచి, వెంట్రుకవాసి తేడా లేదన్నారు. ధ్రువపత్రంలో ఒక్క గడే మిగిలింది: ‘చ’ పలుకుచున్నాడా?

“‘చెప్పు’ అను.”

“సెప్పు.”

“చెప్పు!”

“సెప్తన్నాను గదండీ బాబూ!”

భార్య మరిడమ్మ ఉండబట్టలేకపోయింది. “మా మావ సక్కగానే సెప్తన్నాడు గదా, ఇంకేటి సూస్తారు?”

డాక్టరుగారు జాలిపడి ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి దవడ కొలిచారు. ఆనక వరండాలో ఉన్న నలభైమంది చేతా ఆ మాటే అనిపించారు. నలభై ‘సెప్పు’లు వినబడ్డాయి. రెండు జిల్లాల్లో దవడల అంటువ్యాధి ప్రబలిందనీ, మైళ్లకొద్దీ తీగ కావాలనీ పైకి రాశారు. అది వచ్చేలోగా ఉన్న తీగతో కూర్మయ్య నోరు మళ్లీ కట్టేశారు.

అతని ఉద్యోగంలోకి ‘చ’ పలికే బంట్రోతును గుంటూరు నుంచి రప్పించారు. చినబాబు దావా వాయిదా నాడు కూర్మయ్య కట్టిన నోటితో కోర్టు వరండాలో చినబాబు పక్కనే కూర్చున్నాడు. లోపల్నుంచి “చినబాబూ!” అని మూడుసార్లు వినబడింది.

“మ్‌మ్! మ్‌మ్!” అంటూ కూర్మయ్య అతని భుజం పట్టుకుని ఊపేశాడు.

“ఉండెహె! ఆల్లెవుల్నో పిలస్తన్నారు, నా పేరు రానీ” అన్నాడు చినబాబు.

దావా కొట్టేశారు. పిలుపు మాత్రం అతి స్పష్టంగా ఉన్నదని జడ్జిగారు తీర్పులో ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.