తెల్లగా మిగిలిన వాక్యం

ఒక పెద్ద అడవిలో రాజుగారు ఉన్నారు, రాజుగారికి కచేరీ ఉంది, కచేరీకి పొద్దున్నే వచ్చిపడే అర్జీలూ ఉన్నాయి. లేనిదల్లా వాటిని చదివే ఓపిక.

సింహం మహారాజుకి చదవడం రాక కాదు. చదువుతుంటే ఆవలింతలు వచ్చేవి. ఆయన ఆవలించినప్పుడల్లా కోరలు కనబడి అర్జీ పెట్టుకున్నవాళ్లు పొదల్లోకి పరిగెత్తేవారు. వాళ్లను వెతికి తెచ్చేసరికి కచేరీ వేళ అయిపోయేది. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. అర్జీలో అసలు సంగతి ఎక్కడుందో దాని మీద పసుపు గీత గీసి పెట్టాలి. మహారాజు ఆ గీత ఉన్నచోట మాత్రం చదివి, కింద పంజా ముద్ర వేస్తారు.

గీతలు గీసే ఉద్యోగం ఏదుపంది శలాకమ్మది.

శలాకమ్మ ప్రతి అర్జీనీ మొదటి నుంచి చివరిదాకా చదివేది. కుందేలు తన తాతముత్తాతల గొప్పతనం గురించి పేజీలకు పేజీలు రాసి, మధ్యలో ఎక్కడో 'నా బొరియలో పాము దూరినది' అని ఒక ముక్క పెట్టేది. శలాకమ్మ సరిగ్గా ఆ ముక్క మీదే గీత గీసేది. ఆ పూటకే పాము ఖాళీ చేసేది. కుందేలుకి మాత్రం తాతగారి మీద గీత పడలేదని మనసులో కొంచెం కష్టంగానే ఉండేది.

గీయడానికి వాడేవి ప్లాస్టిక్ హైలైటర్లు. కోతులు పట్నం వెళ్లి తెచ్చేవి. కాస్త గీసేసరికే వాటి మూతి ఎండిపోయేది. ఎండిపోయినదాన్ని కిటికీలోంచి విసిరేయడం కచేరీలో అందరికీ అలవాటు. కిటికీ కింద వాగు. వాగు వెళ్లి కలిసేది మడుగులో. వేసవి వచ్చిందంటే అడవి మొత్తానికి తాగునీళ్లు ఆ మడుగులోవే.

ఒకరోజు మడుగులో కాపురముండే తాబేలు అప్పన్న నిదానంగా కచేరీకి వచ్చాడు. మెడకీ డిప్పకీ మధ్య ఒక హైలైటర్ ఇరుక్కుని ఉంది.

"నిన్నటి నుంచి తల లోపలికి పోవడం లేదమ్మాయ్," అన్నాడు. "ఎవరేమన్నా బయటే ఉండి వినాల్సి వస్తోంది. మా ఇంటిది మాత్రం హాయిగా ఉంది."

శలాకమ్మ మెల్లిగా దాన్ని లాగింది. మూత మీద పళ్లగాట్లు ఉన్నాయి. ఆలోచిస్తున్నప్పుడు మూత కొరకడం ఆమె అలవాటు. ఆమెకి ముఖం చెల్లలేదు.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా తాతా?"

"అడుగున నడిస్తే కాలికి మట్టి తగలడం లేదు. చేపపిల్లలు అవేవో తినేవనుకుని చప్పరిస్తున్నాయి. మొన్నొకటి పచ్చగా తిరుగుతుంటే కామెర్లనుకుని వాళ్లమ్మ ఒకటే ఏడుపు."

అప్పన్న వెళ్లిపోయాక శలాకమ్మకి గీత గీయబుద్ధి కాలేదు. పగలంతా కూర్చుని ఆలోచించింది. కొరకడానికి మూత లేక తన ముల్లే ఒకటి నోట్లో పెట్టుకుంది. తోక దగ్గర ముల్లు. అది లోపలంతా బోలు. అప్పుడు తట్టింది.

రాలిన ముల్లు ఒకటి తీసుకుని, కొనను వెడల్పుగా చెక్కి పాళీలా చేసింది. మోదుగపూలు ఉడకబెట్టి, పసుపు కలిపి సిరా కాచింది. మొదట సిరా వరదలా పారి కుందేలు అర్జీ మునిగిపోయింది. తుమ్మజిగురు కలిపితే చిక్కబడింది. మర్నాటికి పాళీ నుంచి మెత్తగా, కింద అక్షరం కనబడేలా పసుపు దిగింది. అయిపోతే మళ్లీ నింపుకోవడమే. పారేయడానికి ఏమీ మిగలదు.

మహారాజుకి చూపించింది. ఆయన వాసన చూసి, తుమ్మి, బాగుందన్నారు.

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే కచేరీ పెద్ద పరిమళరావు ముందుకొచ్చాడు. పరిమళరావు పునుగుపిల్లి. ఆయన వచ్చే ముందు వాసన వచ్చేది, ఆయన వెళ్లాక కూడా వాసన ఉండేది, మధ్యలో ఆయన చేసే పని మాత్రం ఎవరికీ కనబడేది కాదు.

"ఈ సంగతి చాలాకాలంగా నేను చెబుతున్నదే ప్రభూ," అన్నాడు. "ఇకనుంచి అడవిలో అందరూ నింపుకునే కలాలే వాడాలని ఉత్తర్వు ఇద్దాం. గుమ్మం దగ్గర సిరా తొట్టి పెట్టిద్దాం. ఎవరి అర్జీ మీద వాళ్లే గీత గీసుకొస్తారు. ప్రజల చేతికే అధికారం ఇచ్చినట్టవుతుంది."

మహారాజుకి చివరి మాట నచ్చింది. పంజా ముద్ర పడింది.

శలాకమ్మ సంతోషించింది. ఒక వారం పాటు.

ఇదివరకు హైలైటర్ ఎండిపోతుందన్న భయంతో ఎవరూ దాని జోలికి వచ్చేవారు కాదు. ఇప్పుడు సిరా తొట్టినిండా ఉంది. ఎలుగుబంటి బంగారయ్య తెచ్చిన అర్జీ, పై అంచు నుంచి కింది అంచుదాకా పసుపు. సంతకం కూడా పసుపు.

"బంగారయ్యగారూ, ముఖ్యమైనదానికే గీయాలండీ," అంది శలాకమ్మ.

"ఇందులో ముఖ్యం కానిది ఏదో చూపించండి."

"'ఇట్లు' అన్న మాట మీద కూడా గీశారు."

"ఇట్లు అనకపోతే ఎట్లు తెలుస్తుందమ్మా నేనేనని?"

అది చూసి కుందేలు తాతముత్తాతలకి వరసగా పసుపు పూసింది. నెమలి తన అర్జీ రెండువైపులా పూసింది, వెనకవైపు ఏమీ రాయకపోయినా. గీత లేకుండా వచ్చినవాడు అమాయకుడి కింద లెక్క.

మహారాజు బల్ల మీద మోదుగతోట విరగబూసినట్టయింది. మొదట్లో ఆయన అక్కడక్కడా చదివి చూశారు. కళ్లు మండాయి. తర్వాత కాగితం చేతికి రాగానే కళ్లు మూసుకుని ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఒక పూట బంగారయ్య అర్జీ ప్రకారం తేనెపట్లన్నీ ఎలుగులవి అయ్యాయి. అదే పూట తేనెటీగల అర్జీ ప్రకారం ఎలుగులకి అడవిలో ప్రవేశం లేకుండా పోయింది. ఇద్దరూ ఉత్తర్వులు చేతపట్టుకుని చెట్టు కింద కొట్టుకున్నారు.

శలాకమ్మ కలంలో సిరా నింపుకుంటుంటే ముళ్లన్నీ వాలిపోయేవి. మడుగు బాగుచేద్దామని మొదలుపెట్టిన పని ఇలా ఎందుకైందో ఆమెకి అర్థం కాలేదు. వాగులోకి హైలైటర్లు పడటం ఆగింది నిజమే. కానీ మడుగులో పేరుకున్నవి అలాగే ఉన్నాయి, వాటిని తీయించమని అప్పన్న పెట్టుకున్న అర్జీ పసుపు కాగితాల గుట్ట కింద ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

మహారాజు కళ్లు మూసుకుని ముద్ర వేస్తున్నారని అందరికన్నా ముందు గమనించింది పరిమళరావు. వేసవి తగులుతోంది. మడుగు తగ్గుతోంది. ఆయన శలాకమ్మని పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

"మడుగు సంరక్షణ ఉత్తర్వు. మీ అప్పన్న తాత అడిగినదే. రేపు ప్రభువులవారికి ఇవ్వాలి. మీ చేత్తో పసుపు పూయండి. అంతటా పూయండి, ఈ ఒక్క వాక్యం వదిలేసి. పొరపాటున కళ్లు తెరిచినా ఆయన చూపు గీత ఉన్నచోటే పడుతుంది."

శలాకమ్మ అలవాటుకొద్దీ మొదటి నుంచి చదివింది. భాష గంభీరంగా ఉంది. 'ప్రజాసేవయే ఊపిరిగా గల కచేరీ పెద్ద స్వయముగా మడుగున దిగి, వేసవి ముగియువరకు ప్రతి ఉదయము తన స్వహస్తములతో పూడిక తీయును.' ఆమె తలెత్తి చూసింది.

"మీరు దిగుతారా అండీ?"

"అదంతా అలంకారం శలాకమ్మగారూ. ఉత్తర్వన్నాక కాస్త నిండుగా ఉండాలి. ఎవరు చదువుతారు?"

వదిలేయమన్న వాక్యం దగ్గరికి వచ్చింది. 'వేసవిలో మడుగు నీటిని కచేరీ ఉద్యోగులును వారి బంధువులును తాగి, స్నానమాడిన పిమ్మట మిగిలినచో ఇతర జంతువులకు చెందును.'

శలాకమ్మ ముళ్లు నిక్కబొడుచుకున్నాయి.

"మిగిలినచో అంటే, మిగలకపోతే?"

"మిగలకపోతే చెందదు. భాష సరిగ్గానే ఉంది కదా."

"చిన్న జంతువులు చచ్చిపోతాయండీ."

"మీరూ కచేరీ ఉద్యోగే. మీకూ వాటా ఉంది." పరిమళరావు గొంతు మెత్తగానే ఉంది. "మీ పని గీత గీయడం. గీయలేనంటే చెప్పండి, ఆ కుర్చీ కోసం పందికొక్కు కాచుకుని ఉంది. అదైతే చదవదు కూడా."

శలాకమ్మ కాగితం ఇంటికి తెచ్చుకుంది. చించేద్దామా అనుకుంది. చించితే పందికొక్కు ఇంకోటి తయారు చేస్తుంది. తనే కచేరీలో అందరి ముందూ చెప్పాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె మహారాజు ముందు 'చిత్తం' తప్ప ఇంకో మాట అనలేదు.

అయినా మడుగుకి వెళ్లి అప్పన్నని పిలిచింది. "రేపు నువ్వు కచేరీకి రావాలి తాతా. నేనో మాట చెప్పబోయి చెప్పలేక ఆగిపోతే నావైపు చూడు. నిన్ను చూస్తే చెప్పగలుగుతాను."

"ఇప్పుడే బయలుదేరతాను. అప్పటికి అందుకుంటాను," అన్నాడు అప్పన్న.

శలాకమ్మ చెప్పినట్టే పూసింది. వాక్యానికి ముందూ, వెనకా, పైనా, కిందా చిక్కటి పసుపు. మధ్యలో ఆ ఒక్కటీ తెల్లగా.

మర్నాడు కచేరీ నిండిపోయింది. పరిమళరావు నవ్వుతూ కాగితాన్ని మహారాజు ముందు పెట్టాడు. అప్పన్న ద్వారం దగ్గరికి చేరుకుని, మెడ చాచగలిగినంత చాచి ఆమె వైపు చూస్తున్నాడు. ఆమె ఒక అడుగు ముందుకేసి నోరు తెరిచింది.

మహారాజు కళ్లు మూసుకోబోతూ ఆగారు.

"ఇదేమిటి? ఇక్కడ కంటికి చల్లగా ఉంది," అన్నారు.

ఆయన కాగితాన్ని దగ్గరికి తీసుకున్నారు. ఎన్నాళ్లనుంచో మండుతున్న కళ్లకి ఆ తెల్లటి చోటు చలువపందిరిలా దొరికింది. అక్కడే చూపు నిలిపి, హాయిగా, తీరిగ్గా, పైకే చదివారు. 'వేసవిలో మడుగు నీటిని కచేరీ ఉద్యోగులును వారి బంధువులును...'

వాక్యం పూర్తయ్యేసరికి బంగారయ్య గుర్రుమన్నాడు. తేనెటీగలు, ఆయనతో ఉన్న తగాదా మర్చిపోయి, ఆయనతో పాటే లేచాయి.

శలాకమ్మ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

"నేను తాగడానికి కూడా మీ బంధువుల స్నానాలు అవ్వాలా?" అని అడిగారు మహారాజు. "ఇందులో రాజు అన్న మాటే లేదే. నేనూ ఇతర జంతువునేనా?"

పరిమళరావు ఒక్క క్షణం తడబడి సర్దుకున్నాడు. "ప్రభూ, అది కొట్టివేసిన వాక్యం. గీత లేనిది ఉత్తర్వులో భాగం కాదు కదా. గీత ఉన్నదే చెల్లుతుందని తమరు పెట్టిన పద్ధతే. శలాకమ్మగారు చెరపడం మరిచిపోయినట్టున్నారు."

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె అప్పన్న వైపు చూసింది.

"మరిచిపోలేదు ప్రభూ," అంది. గొంతు సన్నగానే ఉన్నా వినబడింది. "చెరపమని చెప్పలేదు. వదిలేయమన్నారు. మీరు చూడరని వదిలేయమన్నారు."

పరిమళరావు పునుగు వాసన మొదటిసారి కచేరీలో కాస్త పలచబడింది.

మహారాజు గడ్డం గోక్కున్నారు. ఆయనకి కోపం తెచ్చుకోవడం కూడా బద్ధకమే. "సరే, పరిమళరావు చెప్పినట్టే కానిద్దాం. గీత లేనిది చెల్లదు, గీత ఉన్నదంతా చెల్లుతుంది. ఉన్నదేమిటో ఎవరైనా చదవండి."

శలాకమ్మ కాగితం అందుకుంది. పసుపు సిరా ఆమెదే, ఆమె కళ్లకి అలవాటే. "ప్రజాసేవయే ఊపిరిగా గల కచేరీ పెద్ద," అని మొదలుపెట్టి, "స్వయముగా మడుగున దిగి," దగ్గర ఒకసారి ఆగి, మిగిలినదంతా స్పష్టంగా చదివింది.

"చాలా బాగుంది," అన్నారు మహారాజు. "ఇంత సేవాభావం ఉందని నాకు తెలియదు." పంజా ముద్ర పడింది.

పరిమళరావు ఏదో అనబోయాడు. బంగారయ్య ఆయన్ని గౌరవంగా చంకలో ఇరికించుకుని మడుగుదాకా దిగబెట్టి వచ్చాడు.

ఆ వేసవంతా పరిమళరావు నడుములోతు బురదలో నిలబడి పూడిక తీశాడు. పునుగు వాసన పోయి పాచి వాసన వచ్చింది. నీళ్లు తాగడానికి వచ్చిన సొంత బంధువులే ఎవరో కొత్తవాడనుకుని పలకరించకుండా వెళ్లిపోయారు. ఒడ్డున అప్పన్న భార్య కూర్చుని, "ఆ మూల ఇంకా ఉంది బాబూ," అని చూపిస్తూ ఉండేది. అడవిలో ఒక్క ప్రాణీ దాహంతో పోలేదు.

కచేరీలో సిరా తొట్టి మళ్లీ శలాకమ్మ గదిలోకి మారింది. ఆమె ఎప్పట్లాగే అర్జీ మొత్తం చదివి, ఒక్కచోట గీత గీస్తోంది. తాతగారికి మళ్లీ అన్యాయం జరిగిందని కుందేలు అందరితో చెప్పుకుంటోంది.

ఇక పరిమళరావు పూడిక తీస్తూ తీస్తూ, బాగా ఆలోచించి నేర్చుకున్న నీతి ఒకటే: దాచదలచుకున్న మాటను వదిలేయకూడదు, దానికే అన్నిటికన్నా ముందు పసుపు పూయాలి.